ట్యూరిన్ రేకు, హాలీవుడ్ రెక్క

పక్కపక్కన పెట్టుకుని చూడాల్సిన ఫోటోలు రెండున్నాయి. ఒకటి 1955 నాటిది. అందులో నీలిఛాయ తగిలిన తెల్లని కారు ఒకటి ముత్యపు చిప్ప లోపలి వైపులా మెరుస్తుంటుంది. దాదాపు 19 అడుగుల పొడవు. మనుషులు కూర్చునే చోట మామూలు కప్పుకి బదులు, బోర్లించిన గాజు గిన్నెల్లాంటి రెండు బుడగలున్నాయి. ఇంకోటి 1966 నాటిది. అందులో కారు కాటుక నలుపు. ఒళ్ళంతా అంచుల వెంబడి మండుతున్నట్టుండే ఎర్రగులాబీ గీత. ముందు గబ్బిలం మొహం, వెనక గబ్బిలం రెక్కలు.

రెండో కారు పేరు పిల్లలక్కూడా తెలుసు, బ్యాట్‌మొబీల్. మొదటిది లింకన్ ఫ్యూచురా. ఆ పేరు చెబితే కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు తప్ప ఎవరూ తలూపరు. కానీ ఈ రెండూ ఒకటే కారు. ఒకదాన్ని చూసి ఇంకోటి చేయలేదు. అదే రేకు, అదే చాసిస్, అవే తలుపులు.

రెండో ఫోటో మీద ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. బొటనవేలితో వెనక రెక్కల చివర్లు మూయండి. ఇంకో చేత్తో ముందు ముక్కు మూయండి. రంగు సంగతి కాసేపు మర్చిపోండి. మిగిలినదంతా దాదాపు మొదటి ఫోటోలోని కారే. కొత్త బండి చేసిచ్చామని పేరు తెచ్చుకున్న వాళ్ళు ఇంత తక్కువ ముట్టుకున్నారా అని ముందు అనుమానం వస్తుంది. ఎక్కడ ముట్టుకున్నారో వరసగా చూస్తూ పోతే ఆ అనుమానం మెల్లగా గౌరవంగా మారుతుంది. ఈ వ్యాసం ఆ వరసే.

అమెరికాలో కారు కొని తన ఇష్టం వచ్చినట్టు మార్చుకునే అలవాటుకి రెండు పాయలున్నాయి. మొదటిది హాట్‌రాడ్. 1932లో ఫోర్డ్ కంపెనీ వి-8 ఇంజన్‌ని సామాన్యుడు కొనగలిగే కారులో పెట్టింది. ఆ కార్లు పాతబడి చవకయ్యాక కాలిఫోర్నియా కుర్రాళ్ళు వాటి మడ్‌గార్డులు పీకేసి, బరువు దించేసి, ఇంజన్‌కి పదును పెట్టి, మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు తీయించారు. వాళ్ళకి కావలసింది వేగం. రెండో పాయ కస్టమ్. వీళ్ళకి వేగంతో పెద్ద పని లేదు, బండి రోడ్డు మీద మెల్లగా పోతుంటే జనం తల తిప్పి చూడాలి. కప్పు కోసి కురచ చేస్తారు, ఒళ్ళు నేలకి ఆనేలా దించుతారు, కంపెనీ పెట్టిన హ్యాండిళ్ళు, బొమ్మలు పీకేసి ఆ కంతల్ని పూడ్చేస్తారు. అతుకు కనపడకుండా కరిగించిన సీసం పోసి అరం పెట్టి రాస్తారు. ఆ సీసం బరువు మీద పుట్టిన వెక్కిరింత పేరొకటి ఉంది, లెడ్ స్లెడ్. సీసపు బండి అన్నమాట. వెక్కిరించినవాళ్ళు పోయారు, పేరు బిరుదై మిగిలింది.

బ్యాట్‌మొబీల్ కట్టిన జార్జ్ బారిస్ ఈ రెండో పాయ మనిషి. 1925లో షికాగోలో పుట్టి, కాలిఫోర్నియాలో పెరిగాడు. అన్న శామ్‌తో కలిసి లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల షాపు నడిపాడు. బాబ్ హిరోహాటా కోసం 1951 మెర్క్యురీ కారుని వాళ్ళు మార్చిన తీరు కస్టమ్ పనికి ఇప్పటికీ ఒక కొలబద్ద. అన్నదమ్ముల్లో రేకు మీద గొప్ప చెయ్యి శామ్‌ది అని పాతవాళ్ళు చెబుతారు. జార్జ్ గొప్ప గొంతు ఉన్నవాడు. ఏ కారు ఏ కెమెరా ముందు ఎప్పుడు నిలబడాలో ఆయనకి తెలుసు. దీన్ని చిన్నచూపుతో అనడం లేదు. మన కథలో మొదటి నైపుణ్యం అక్కడిదే. కానీ రేకు దగ్గరికి రావాలంటే ముందు డెట్రాయిట్ వెళ్ళి, అక్కణ్ణుంచి ఇటలీ వెళ్ళి రావాలి.

1950ల్లో డెట్రాయిట్ కంపెనీలకి కలల కార్ల జ్వరం పట్టింది. అమ్మడానికి కాదు, చూపించడానికి. రేపటి కారు ఇలా ఉంటుంది అని ఎగ్జిబిషన్లో తిరిగే వేదిక మీద పెట్టి, జనం నోరు తెరిచి చూస్తుంటే ఏది నచ్చిందో గమనించుకోవడానికి. ఫోర్డ్ కంపెనీలో ఖరీదైన కార్ల విభాగం లింకన్. అక్కడి డిజైన్ పెద్ద విలియం ష్మిట్, ఆయనతో పాటు జాన్ నజ్జార్ కలిసి ఫ్యూచురా రూపం గీశారు. ష్మిట్‌కి ఆ రూపం తట్టింది బహామాస్ సముద్రంలో ఈదుతూ షార్కునీ, మాంటా రే చేపనీ చూసినప్పుడని చెబుతారు. మాంటా రేని ఎప్పుడైనా వీడియోలో చూసి ఉంటే ఆ మాట నమ్మాలనిపిస్తుంది. దుప్పటి పరిచినట్టు రెండు వైపులా రెక్కలు, తల ముందు కొమ్ముల్లాగా పొడుచుకొచ్చిన రెండు తమ్మెలు. ఫ్యూచురా ముందు లైట్ల మీద గొడుగుల్లా ముందుకు సాగిన రేకులు ఆ తమ్మెలే అని నాకనిపిస్తుంది. నీళ్ళలో రెక్కలాడించే ఈ చేప గాల్లో రెక్కలాడించే గబ్బిలానికి రూపంలో దూరపు చుట్టమే. పదేళ్ళ తరవాత జరగబోయే మార్పుకి విత్తనం ష్మిట్ పెన్సిల్ కిందే పడిందన్నమాట.

గీత డెట్రాయిట్‌ది, చెయ్యి ట్యూరిన్‌ది. కారు కట్టే పని ఇటలీలోని గియా సంస్థకి అప్పగించారు.

గియా లాంటి చోట ఏం జరుగుతుందో విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. లారీ కంపెనీ నుంచి వచ్చేది చాసిస్, ఇంజను, ముందు కౌలు, అంతే. డ్రైవరు మొహానికి తుండు చుట్టుకుని, ఎండా గాలీ తింటూ ఆ అస్థిపంజరాన్నే వందల మైళ్ళు తోలుకొస్తాడు. ఇక్కడ దానికి కర్రతో, రేకుతో బాడీ కడతారు. చక్రాల మీద తిరిగే ఎముకలకి కండా చర్మమూ తొడిగే వృత్తి అది. 1916లో జియాచింతో గియా ట్యూరిన్‌లో మొదలుపెట్టినదీ ఆ వృత్తే, కాకపోతే షోకు కార్లకి. చెక్కతో నిండు సైజు మూస చేసుకుంటారు. చదునుగా ఉన్న రేకుని ఇసుక సంచి మీద, మొద్దు మీద పెట్టి సుత్తితో సాగదీస్తారు. మూస మీద పెట్టి చూస్తారు. ఎక్కడ పట్టలేదో గుర్తు పెట్టుకుని మళ్ళీ కొడతారు. రేకు సాగితే పలచబడుతుంది, దగ్గరికి లాగితే ముడత పడుతుంది. ఆ రెంటి మధ్య సుత్తి ఎక్కడ ఆగాలో చెప్పే పుస్తకం లేదు. చెవితో వింటారు, అరచేత్తో తడుముతారు. చూపు పట్టలేని పల్లాన్ని అరచెయ్యి పడుతుందని మన టింకర్లు కూడా అంటారు. ఫ్యూచురాలో చదునైన చోటు దొరకడం కష్టం. పొడవాటి పక్కలు, లోపలికి విరిగిన ముందుభాగం, గొడుగులు, రెక్కలు, వీటిలో ఎక్కువభాగం రెండు దిక్కులా ఒకేసారి వంగిన రేకులు. అచ్చు యంత్రం లేకుండా, ఒకే ఒక్క కారు కోసం ఇంత పని. ఆ సుత్తులు పట్టినవాళ్ళ పేర్లు కారు మీద ఎక్కడా లేవు.

ఖర్చు రెండున్నర లక్షల డాలర్లని ఆనాటి నుంచీ ప్రచారంలో ఉన్న లెక్క. 1955 చివర్లో ఫోర్డ్ అమ్మకానికి పెట్టిన కాంటినెంటల్ మార్క్ 2 అమెరికాలోకెల్లా ఖరీదైన కార్లలో ఒకటి, ధర సుమారు 10,000 డాలర్లు. అంటే అలాంటి కార్లు పాతిక కొనగల డబ్బుతో ఒక్క ఫ్యూచురా.

1955 జనవరిలో షికాగో ఆటో షోలో దాన్ని జనానికి చూపించారు. రంగు ముత్యపు మెరుపు. చేప పొలుసుల నుంచి తీసిన మెరుపు కలిపిన రంగు అని చెప్పుకునేవారు. చేప నుంచి పుట్టిన కారుకి చేప పొలుసు పూత! కుదిరిందో, ఎవరైనా కుదిర్చారో గానీ బాగుంది.

అప్పటి కలల కార్లలో చాలావాటికి లోపల ఏమీ ఉండేది కాదు, తోస్తే కదిలే బొమ్మలు. ఫ్యూచురా నిజంగా నడిచేది. ష్మిట్, ఫోర్డ్ కుటుంబానికి చెందిన బెన్సన్ ఫోర్డ్ దాన్ని 1955లో న్యూయార్క్ వీధుల్లో నడిపారు. ఇంజను 368 ఘనపు అంగుళాల లింకన్ వి-8. ఇక్కడొక చిన్న తీగ లాగాలి. 1955లో షోరూంలో దొరికే లింకన్ ఇంజను 341 ఘనపు అంగుళాలది. 368 అమ్మకానికి వచ్చింది 1956 మోడల్‌తో. చాసిస్ కూడా అప్పటికి బజారుకి రాని మార్క్ 2 కోసం తయారవుతున్న రకమేనని ఈ కారు చరిత్ర తవ్వినవాళ్ళు అంటారు. బాడీ మాత్రమే కాదు, లోపలి ఎముకలు, గుండె కూడా రేపటివే.

నాకు ముచ్చట వేసే భాగం వెనక డిక్కీ మీది గుండ్రటి యాంటెన్నా. రేడియో కోసమే కాదు, దాంట్లో ఒక మైకు పెట్టారు. వెనకనుంచి వచ్చే బండి చప్పుడుని అది లోపలి స్పీకరుకి చేరవేస్తుంది. ఆ బుడగ మూసుకుని కూర్చుంటే బయటి హారన్ సరిగ్గా వినపడదు కదా. తలమీద బుడగ పెట్టి, ఆ బుడగవల్ల వచ్చిన చెవుడుకి మందు కూడా తామే ఇచ్చారు. ఆ కాలపు ఆశ అంతా ఆ యాంటెన్నాలో కనిపిస్తుంది.

షోలు అయిపోయాయి. ఇలాంటి కార్లకి తరవాత పట్టే గతి మామూలుగా తుక్కు. కంపెనీ తన పరీక్ష బండి బయటివాళ్ళ చేతుల్లో పడనివ్వదు. పడితే బ్రేకు పట్టలేదనో, తలుపు ఊడిందనో రేపు కోర్టుకి ఎక్కుతారని భయం. ఇదే గియా 1960ల్లో క్రైస్లర్ కోసం 55 టర్బైన్ కార్లకి బాడీలు కట్టింది. వాటిలో 46 కార్లని కంపెనీ తానే నాశనం చేయించింది. గియా చేతిలోనే తయారైన క్రైస్లర్ నార్స్‌మన్ అనే ఇంకో ఒంటరి కారు అమెరికా చేరనే లేదు. దాన్ని ఎక్కించిన ఆండ్రియా డోరియా ఓడ 1956 జులైలో అట్లాంటిక్‌లో మునిగిపోయింది. కారు ఇంకా అక్కడే ఉంది.

ఫ్యూచురాని సినిమా కాపాడింది. 1959లో ఎంజీఎం వాళ్ళ ‘ఇట్ స్టార్టెడ్ విత్ ఎ కిస్’ సినిమాలో గ్లెన్ ఫోర్డ్, డెబ్బీ రేనాల్డ్స్ పక్కన దానికీ ఒక పాత్ర దొరికింది. ముత్యపు తెలుపు కెమెరాకి ఆనదని ఎర్ర రంగు వేయించారు. వేసింది బారిస్ షాపు. కథలో బారిస్‌కి, ఆ కారుకి మొదటి పరిచయం అలా జరిగింది. సినిమా తరవాత కారు ఆయన దగ్గరికే చేరింది. ఏళ్ళ తరబడి నార్త్ హాలీవుడ్‌లో షాపు వెనక ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ పడి ఉంది. చివరికి ఫోర్డ్ దాన్ని ఆయనకి లాంఛనంగా ఒక డాలరుకి రాసిచ్చింది. మన పెళ్ళిళ్ళ కట్నాల్లో నూట పదహార్లలా కాగితం మీద అంకె ఒకటి ఉండాలి కాబట్టి ఉన్న డాలరు అది.

1965లో ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ బ్యాట్‌మన్ సీరియల్ తీయడానికి సిద్ధమైంది. కారు పని మొదట డీన్ జెఫ్రీస్ అనే ఇంకో పేరున్న కస్టమ్ పనివాడికి అప్పగించారు. ఇంతలో ఏబీసీ చానెల్ ప్రసారాన్ని 1966 జనవరికి ముందుకు జరిపింది. ఆ గడువులో తనవల్ల కాదని జెఫ్రీస్ తప్పుకున్నాడు. పని బారిస్‌కి వచ్చింది. గడువు మూడు వారాలు.

మూడు వారాలంటే ఒక నల్ల కారుకి మంచి పెయింటు వేయడానికి కూడా చాలవు. చాసిస్ నుంచి మొదలుపెట్టి కొత్త బాడీ కట్టడం జరిగే పని కాదు. బారిస్ పెరట్లోకి చూశాడు. ఆయన పనితనం గురించి ఎవరేం అన్నా, ఈ చూపు మాత్రం ఆయనదే. అక్కడ పడున్న ఎర్ర కారులో గబ్బిలం కనపడాలంటే పాతికేళ్ళుగా రేకుల మధ్య బతికి ఉండాలి. బొమ్మలు గీసింది ఆయన దగ్గర పని చేస్తున్న హెర్బ్ గ్రాసే. రేకు మీద చెయ్యి వేసింది బిల్ కుషెన్‌బెరీ.

కుషెన్‌బెరీ పేరు ఈ కథలో ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే వస్తుంది. అసలు పెద్ద అక్షరాల్లో రావాలి. కాన్సస్ నుంచి కాలిఫోర్నియా వచ్చి తన సొంత షాపు పెట్టుకున్నాడు. 1940 ఫోర్డుని మార్చి చేసిన ఎల్ మెటడార్ ఆయనకి పేరు తెచ్చింది. తరవాత సిల్హౌట్ అనే షో కారుకి మొత్తం ఒళ్ళూ తానే కొట్టి, దాని నెత్తిన బుడగ పెట్టాడు. అంటే ఫ్యూచురా లాంటి ఆకారాన్ని తన చేత్తో ఒకసారి పుట్టించి ఉన్నవాడు. ఇంకొకరు కొట్టిన రేకుని చదవడం అలాంటివాడికే వస్తుంది.

ఆ రేకుని ఆయన ఎలా చదివాడో ముందునుంచి వెనక్కి నడుస్తూ చూద్దాం.

ముందుభాగం. ఫ్యూచురాకి రెండు లైట్ల గొడుగుల మధ్య వెడల్పుగా, లోపలికి లోతుగా పోయిన గ్రిల్ ఉండేది. గొడుగుల్ని ముట్టుకోలేదు, అవి చెవులైపోయాయి. లోతుని పూడ్చలేదు, అది నోరయింది. బానెట్ మధ్యలోంచి కిందికి కొత్త రేకుతో ఒక ముక్కు దించారు. అంతే, మొహం వచ్చేసింది. చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ ముక్కు ఒక్కటీ తీసేస్తే మళ్ళీ మాంటా రే. పెడితే గబ్బిలం. తోలుబొమ్మ చేసేవాళ్ళు ఒక్క కంటి రంధ్రంతో బొమ్మకి ప్రాణం తెప్పించినట్టు, ఇక్కడ ఒక్క ముక్కుతో తెప్పించారు. ఆ ముక్కులోంచి సీరియల్లో గొలుసులు కోసే కత్తి బయటికొస్తుంది.

చక్రాల కంతలు. ఫ్యూచురాలో చక్రాలు రేకు చాటున సగం దాక్కుని ఉండేవి, కారు నేల మీద జారుతున్నట్టు కనిపించాలని. బ్యాట్‌మన్ బండి జారకూడదు, దూకాలి. అందుకని కంతలు పెద్దవి చేసి, అంచులు బయటికి తిప్పారు. చక్రం నిండుగా కనపడగానే బండికి కాళ్ళొచ్చాయి. ఈ మార్పు ఫోటోలో తేలిగ్గా కంటికి ఆనదు, కానీ రెండు కార్ల మధ్య స్వభావంలో ఉన్న తేడాకి సగం కారణం ఇదే.

బుడగలు. వాటిని అలాగే ఉంచితే హీరోలు లోపల అక్వేరియంలో చేపల్లా ఉంటారు. పైగా ఆ హీరోలుగా వేసిన ఆడమ్ వెస్ట్, బర్ట్ వార్డ్ ఇద్దరూ తలుపు మీంచి దూకి ఎక్కాలి. మధ్యభాగం తీసేసి, ముందు వంపుల్ని రెండు అద్దాలుగా, వెనక వంపుల్ని వెనక అద్దాలుగా మిగిల్చారు. మధ్యలో అడ్డంగా ఒక కమాను, దానిమీద గిరగిరా తిరిగే ఎర్ర లైటు. రెండు బుడగలు ఉన్నాయన్న గుర్తు పోలేదు. ఖాళీలో కూడా కన్ను ఆ బుడగని పూర్తి చేసుకుంటుంది.

రెక్కలు. ఎక్కువ పని ఇక్కడే. ఫ్యూచురా రెక్కలు వెనక మడ్‌గార్డుల మీద లేచి వెనక్కి సాగేవి. వాటి మొదలుని ముందుకి, తలుపుల మీదికి లాక్కొచ్చారు. చివర్లని గబ్బిలం రెక్క అంచులా లోపలికి వంపు తిప్పి కోశారు. పాత రేకు ఎక్కడ ఆగిందో, కొత్త రేకు ఎక్కడ మొదలైందో కనపడకూడదు. కనపడదు కూడా. ఒక వంపుకి కొనసాగింపు కొట్టడం కొత్త వంపు కొట్టడం కన్నా కష్టం. కొత్తదైతే నీ ఇష్టం. ఇక్కడ పదేళ్ళ కిందట ట్యూరిన్‌లో ఎవరో ఏ వేగంతో రేకుని తిప్పాడో అదే వేగంతో ఇంకొంత దూరం తిప్పుకుపోవాలి. ఒకరు ఎత్తుకున్న రాగాన్ని వేరొకరు అదే శ్రుతిలో అందుకున్నట్టు.

వెనక మధ్యలో మంట కక్కే గొట్టం. దీన్ని ఐదు గ్యాలన్ల పెయింటు డబ్బా మూతితో చేశారని చెబుతారు. రెండున్నర లక్షల డాలర్ల బాడీకి పెయింటు డబ్బా తోక. నాకు ఇందులో తప్పేమీ కనపడదు. మూడు వారాల్లో పని చేసే షాపులో చేతికందిందే సామాను. స్టీరింగు కథ ఇంకా బాగుంటుంది. ఎడ్సెల్ కారు స్టీరింగుని పట్టుకుని, విమానం స్టీరింగులా కనపడేలా కోశారు. ఎడ్సెల్ అంటే 1950ల చివర్లో ఫోర్డ్ కంపెనీ చేతులు ఘోరంగా కాల్చుకున్న కారు. ఫోర్డ్ వదిలేసిన కలని ఫోర్డ్ ఓడిపోయిన కారు స్టీరింగుతో తిప్పారు. వెనక రెండు పారాచూట్లు కట్టారు, డ్రాగ్ రేసుల్లో బండిని ఆపడానికి వాడే రకం. సీరియల్లో బ్యాట్‌మన్ బండిని ఉన్నచోటే తిప్పడానికి వాటిని వదులుతాడు.

రంగు సంగతి చివరికి ఉంచాను. 1965 అక్టోబరులో చానెల్ వాళ్ళకి చూపించడానికి తీసిన మొదటి ముక్కల్లో కారు ఇంకా ప్రైమర్ మీదే ఉంది, అంచులకి తెల్ల గీతలు. తరవాతే నిగనిగలాడే నలుపు వేసి, ఆ తెల్ల గీతల స్థానంలో మెరిసే చెర్రీ ఎరుపు తిప్పారు. టింకరింగ్ షెడ్లలో ఎవరినడిగినా చెబుతారు, నలుపు అబద్ధం ఆడనివ్వదు. తెల్ల కారులో సొట్ట కాస్త మిగిలినా దాక్కుంటుంది. నల్ల కారులో లైటు పడితే ప్రతి అలా, ప్రతి పుట్టీ మరకా బయటపడుతుంది. పైగా నలుపుకి ఇంకో జబ్బుంది, చీకటి సెట్టులో ఆకారమంతా కరిగిపోతుంది. ఎర్ర గీత ఆ జబ్బుకి మందు. చక్రాల కంతల చుట్టూ, రెక్కల అంచున, ముక్కు మీద తిరిగి, కుషెన్‌బెరీ ఏ అంచుని మార్చాడో సరిగ్గా ఆ అంచునే మనకి గీసి చూపిస్తుంది. ఇళ్ళలో కలర్ టీవీలు తక్కువగా ఉన్న రోజులవి. బ్లాక్ అండ్ వైట్ తెర మీద కూడా ఆ గీత నలుపులోంచి లేచి కనపడుతుంది.

ఖర్చు 30,000 డాలర్లని లెక్క. 1966 జనవరి 12న సీరియల్ మొదలైంది.

ఇంత పొగిడాక లోపల ఎలా ఉందో కూడా చెప్పాలి. లోపల పదకొండేళ్ళ పాత కారు. షూటింగులో ఇంజను వేడెక్కేది, బ్యాటరీ దిగిపోయేది, ఖరీదైన టైర్లు పగిలేవి. తెర మీద అణుశక్తితో నడిచే బండి, తెర వెనక తోస్తే గానీ కదలని రోజులున్నాయి. ఒక సీజన్ సగానికి వచ్చేసరికి ఇంజను, గేర్‌బాక్సు తీసేసి ఫోర్డ్ గెలాక్సీవి పెట్టారు. అప్పుడు ఆ 368, 1955లోనే రేపటిదని మురిసిన ఇంజను, బయటికొచ్చేసింది. అలా ఒక్కో ముక్కా పోతూ వచ్చాక ఫ్యూచురాది మిగిలింది ఏమిటంటే, ట్యూరిన్ రేకు.

బారిస్ తెలివైన పని ఇంకోటి చేశాడు. కారుని స్టూడియోకి అమ్మలేదు, అద్దెకిచ్చాడు. ఊరూరా షోలకి తిప్పడానికి దాని ఒంటి మీంచే మూసలు తీసి, ఫైబర్‌గ్లాసుతో నకళ్ళు పోయించాడు. అవి గెలాక్సీ చాసిస్‌లని సాగదీసి వాటిమీద కూర్చోబెట్టినవి. ఇక్కడ ఆగి ఒకసారి ఆలోచించాలి. మూస తీసింది బ్యాట్‌మొబీల్ మీంచి, కానీ ఆ మూసలో పడింది ఎక్కువ భాగం గియా పనివాళ్ళ సుత్తి దెబ్బ. ఫైబర్‌గ్లాసుకి తిరుగుడు వల్ల సన్నటి పగుళ్ళొచ్చాయి. వాటిని దాచడానికి ఒళ్ళంతా నల్లటి మఖమల్ నూగు అతికించారు. కొన్నాళ్ళు అసలు కారుకి కూడా అదే తొడిగారు. ఇంత రేకు పనిని మఖమల్ కింద కప్పేశారంటే బాధేస్తుంది. పట్టుచీర మీద గోనెపట్టా కట్టినట్టు. తరవాత దాన్ని తీసేసి మళ్ళీ నిగనిగల నలుపుకి తెచ్చారు.

2013 జనవరి 19న అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో బారెట్ జాక్సన్ వేలంలో బారిస్ ఆ కారుని అమ్మాడు. కమిషన్‌తో కలిపి 46 లక్షల 20 వేల డాలర్లు. వేదిక మీద పక్కన నిలబడి ఉన్నాడు, ఎనభై ఏడేళ్ళవాడు. రెండేళ్ళ తరవాత పోయాడు. ఆయన పోయిన 2015లోనే, ఈ కారు నకళ్ళు చేసి అమ్ముతున్న ఒక వ్యాపారి మీద డీసీ కామిక్స్ వేసిన దావాలో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఒక విచిత్రమైన తీర్పు చెప్పింది. బ్యాట్‌మొబీల్ వస్తువు మాత్రమే కాదు, కథలో పాత్ర, దానికి కాపీరైటు రక్షణ ఉంటుంది అని. చట్టానికి ఆ రూపం కామిక్స్ కంపెనీది. జనానికి బారిస్‌ది. రేకునడిగితే ఏం చెబుతుందో మనం పైన చూశాం.

బ్రిటన్‌లోని కోర్గీ బొమ్మల కంపెనీ 1966లోనే ఈ కారుకి చిన్న అచ్చు తీసింది. వేల్స్‌లోని స్వాన్‌సీ ఫ్యాక్టరీలో జింకు మిశ్రమంతో పోసిన ఆ బొమ్మ లక్షల్లో అమ్ముడుపోయింది, ఇప్పటికీ సేకరించేవాళ్ళు వెతుక్కుంటున్నారు. మీట నొక్కితే ముక్కులోంచి కత్తి వస్తుంది, బొమ్మని దొర్లిస్తే వెనక గొట్టంలో ఎర్ర ప్లాస్టిక్ మంట లోపలికీ బయటికీ ఆడుతుంది. పిల్లలు చూసేది అవే. బొమ్మని తిప్పి ముందునుంచి చూస్తే, బియ్యపు గింజంత లైట్ల మీద ఆ గొడుగులు రెండూ ఉన్నాయి, ఎవరూ ముట్టుకోకుండా వదిలేసినవి.